చెల్లెలి సంతకం కోసం సింగపూరుకు

చాంగిలో

నేను సింగపూర్ వెళ్లింది ఊరు చూడటానికి కాదు, ఒక సంతకం కోసం. ఆరు రోజులున్నాను కాబట్టి చూడక తప్పలేదు. చూసిన దాదాపు ప్రతిదాని మీదా నాకు అసూయ కలిగింది. ఆ మాట ముందే ఒప్పుకుంటే మిగతాది రాయడం తేలిక.

మాది కడప జిల్లా. మైదుకూరు రోడ్డు మీద మాకు పెట్రోలు బంకు ఉంది. నాన్న పెట్టాడు. డిగ్రీ మధ్యలో మాన్పించి నన్ను అందులో కూర్చోబెట్టాడు. ఇప్పటికి ఇరవై ఏడేళ్లు. నాన్నకు లైసెన్సున్న రివాల్వర్ ఉండేది. ఆయనకు చూపు తగ్గాక, ఆయన తరఫున దాన్ని వెంట ఉంచుకోవడానికి లైసెన్సులో నా పేరు కూడా చేర్పించాడు. అలా ఆరేళ్లు, బ్యాంకుకు వెళ్లిన ప్రతిసారీ అది నా చేతిసంచిలో ఉండేది. పోయిన ఏడాది నాన్న పోయాడు. లైసెన్సు ఆయనతోనే ముగిసింది. రివాల్వర్‌ను పోలీసు స్టేషన్‌లో అప్పగించాను. అది నా పేరు మీదికి రావాలంటే మిగిలిన వారసులు తమకు అభ్యంతరం లేదని ప్రమాణపత్రం రాసివ్వాలి. అమ్మ ఎప్పుడో పోయింది. మిగిలిన వారసులంటే ఒక్కతే, సింగపూర్‌లో ఉన్న నా చెల్లెలు వసుంధర. కాగితం పంపి నాలుగు నెలలైంది. ఫోన్ చేస్తే "చూస్తాలే అక్కా" అనేది. చూడలేదు. చివరికి నేనే టికెట్ కొనుక్కున్నాను.

నా చేతిసంచి కడపలో చెప్పి కుట్టించింది. లోపల ఒక పక్కన గట్టి తోలుతో రివాల్వర్ పట్టేంత ఒర ఉంటుంది. ఇప్పుడది ఖాళీయే, కళ్లద్దాలు పెట్టుకుంటాను. ఇంట్లో మూడుసార్లు దులిపి చూసుకుని బయల్దేరాను. చాంగి విమానాశ్రయంలో బయటికి వచ్చే దారిలో ఒక అధికారిణి సంచి తెరిపించింది. వేళ్లతో ఆ ఒరను తడిమి, "ఇది దేనికి?" అని ఇంగ్లీషులో అడిగింది. కళ్లద్దాలకు అని చెప్పి ఉంటే సరిపోయేదేమో. నాకు అబద్ధం తోచలేదు. రివాల్వర్ పెట్టుకోవడానికి అన్నాను.

ఆమె ముఖం మారలేదు. చేయి మాత్రం సంచి మీదే ఆగిపోయింది. నన్ను పక్క గదిలోకి తీసుకెళ్లారు. పెట్టె తెరిచారు. నిమ్మకాయ ఊరగాయ, కారప్పొడి, చీరలు, చెల్లెలికని తెచ్చిన జొన్నరొట్టెలు బల్ల మీద వరుసగా పెట్టారు. సంచి అస్తరు కుట్టు విప్పవచ్చా అని అడిగి, నేను తలూపాక విప్పారు. ఒక్క తూటా ఎక్కడైనా అంచులో ఇరుక్కుని ఉంటే నా గతి ఏమిటో ఆలోచిస్తూ కూర్చున్నాను. ఈ దేశంలో తూటా దొరికినా ఏళ్ల తరబడి జైలు, మగవాళ్లకైతే బెత్తం దెబ్బలు కూడా. తుపాకీ పేలిస్తే, ఎవరికీ తగలకపోయినా సరే, ఉరి. ఇదంతా విమానంలో చదువుకుంటూ వచ్చాను.

ఏమీ దొరకలేదు. అస్తరు విప్పినందుకు ఆమె క్షమించమంది. "మీ ఊళ్లో ఇది మామూలా ఆంటీ?" అని అడిగింది, ఎగతాళి లేకుండా. మామూలు కాదు, అనుమతి ఉంటుంది అన్నాను. "అంత భయమా?" అంది. నా కూతురి వయసుంటుంది. నడుముకు తుపాకీ లేదు. నేను రొట్టెలు సర్దుకున్నాను.

యీషున్‌లో తెరిచిన తలుపు

వసుంధర ఇల్లు యీషున్‌లో, తొమ్మిదో అంతస్తులో. ఆమె పళ్ల ఆసుపత్రిలో నర్సు. మరిది గోపాల్ ఇక్కడే పుట్టినవాడు. అతని తాతగారి తండ్రి ఎప్పుడో తెల్లవాళ్ల కాలంలో శ్రీకాకుళం పక్కనుంచి ఓడలో వచ్చాడట. గోపాల్ తల్లి పైడమ్మగారు వాళ్లతోనే ఉంటారు. డెబ్బై దాటాయి. నేను లోపలికి రాగానే, "మకాన్ అయిందా అమ్మాయీ?" అన్నారు. భోజనం అయిందా అని. మలయ్ మాట, తమిళ యాస, అడుగున ఉత్తరాంధ్ర తెలుగు, అన్నీ ఒకే నోట్లో.

ఆ ఇంటి చెక్క తలుపు పొద్దున్నుంచి సాయంత్రం దాకా తెరిచే ఉంటుంది. ముందు ఒక ఇనుప గ్రిల్లు, దానికి గొళ్లెం, అంతే. ఒక్కోసారి అదీ ఉండదు. నేను వెళ్లిన మర్నాడు పైడమ్మగారు స్నానానికి వెళ్తూ గ్రిల్లు బార్లా తీసి ఉంచారు. నేను లేచి వేశాను. ఆవిడ వచ్చి తీశారు. మళ్లీ వేశాను.

"గాలి రావాల కదా అమ్మా," అన్నారు.

"ఎవరైనా వస్తారేమోనని."

"ఎవరొత్తారు? వత్తే రానీ. పక్కింటి మలయ్ ఆంటీ వత్తది, కూర తెత్తది." నవ్వి వంటింట్లోకి వెళ్లిపోయారు.

మా ఇంటికి మూడు తాళాలు. వరండాకి ఒకటి, వాకిలికి ఒకటి, బీరువా ఉన్న గదికి ఒకటి. మా ఆయన స్కూలు టీచరు, తుపాకీ ముట్టుకోడు కానీ మూడు తాళాలూ తనే వేసి, మళ్లీ లాగి చూస్తాడు. ఆ ముసలావిడ కిటికీ పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే, వాకిట్లోంచి వచ్చే గాలి ఆవిడ నెరిసిన జుట్టును కదిలిస్తుంటే, నాకు గొంతు దాకా అసూయ వచ్చింది. ఒక మనిషి మీద కాదు, ఆ గాలి మీద.

సాయంత్రం వసుంధర పరుగుకు బయల్దేరింది. రోజూ వెళ్తుందట. రెండు చెవుల్లోనూ పాటలు వినే ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది.

"ఒకటి తీసేయ్ మే," అన్నాను.

"ఎందుకు?"

స్కూటర్ మీద పోయేటప్పుడు వెనక వచ్చే బండి శబ్దాన్ని బట్టి అది నన్ను దాటిపోతుందా, నా వెంటే వస్తోందా అని చెప్పగలను నేను. ఇరవై ఏడేళ్ల సాధన. నా చెల్లెలికి రెండు చెవులూ మూసుకుని చీకటి పడుతున్న దారిలో పరిగెత్తడం వచ్చు. ఆ విద్య నాకు ఎవరూ నేర్పలేదు.

టిష్యూ పొట్లం

మూడో రోజు హాకర్ సెంటర్‌కు వెళ్లాం. ఒకే కప్పు కింద ముప్పై నలభై తిండి కొట్లు, మధ్యలో బల్లలు. వసుంధర ఖాళీ బల్ల మీద ఒక టిష్యూ పొట్లం పెట్టింది. దాన్ని చోప్ చేయడం అంటారట. ఆ పొట్లం ఉంటే ఆ బల్ల మనది, ఎవరూ కూర్చోరు. పొట్లంతో ఆగితే బాగుండేది. తన చేతిసంచిని కూడా కుర్చీకి తగిలించి ప్లేట్లు తేవడానికి వెళ్లిపోయింది. నేను ఆ సంచిని లాగి ఒళ్లో పెట్టుకుని, నా సంచి దాని మీద పెట్టుకుని, రెండు చేతులూ వాటి మీద వేసి కూర్చున్నాను. పక్క బల్ల చైనా పెద్దమనిషి నన్ను చూసి మర్యాదగా తల తిప్పుకున్నాడు.

చేప ఉండల నూడుల్స్ నాలుగు డాలర్ల చిల్లర. కాఫీ డాలరున్నర లోపే, అడుగున తీపి పాలు గడ్డలా ఉంటాయి, చెంచాతో కలుపుకోవాలి. రోటీ పరాటా మన పరోటాకు అక్క కూతురు. నాకు నచ్చింది. కారం మాత్రం లేదు. మా ఊళ్లో ఎర్రకారం పూసిన దోసె ముందు ఇదంతా పథ్యం తిండి. ఆ ఒక్క విషయంలో నాకు అసూయ కలగలేదని గర్వంగా చెప్పుకోగలను.

తింటుంటే గోపాల్ తన సైన్యం రోజుల గురించి చెప్పాడు. ఈ దేశంలో మగపిల్లలందరూ రెండేళ్లు సైన్యంలోనో పోలీసులోనో పనిచేయాలి. ఆ తర్వాత కూడా అప్పుడప్పుడూ శిక్షణకు పిలుస్తారు.

"రైఫిల్ నా పక్కనే పడుకునేది వదినా. తినేటప్పుడు కూడా పక్కన ఉండాలి. సాయంత్రం లెక్క చూసి లోపల పెట్టి తాళం వేస్తారు. ఒకసారి కాల్చాక తూటా ఖాళీ తొడుగు ఒకటి తగ్గింది. అందరం గడ్డిలో మోకాళ్ల మీద వెతికాం, వర్షంలో."

"దొరికిందా?"

"దొరికేదాకా ఎవరూ ఇంటికి పోలేదు."

"మళ్లీ ఎప్పుడూ ఒకటి సొంతంగా ఉంటే బాగుండు అనిపించలేదా?"

అతను నిజంగానే ఆలోచించాడు. "దేనికి?" అన్నాడు. అతని పక్కన కూర్చున్న కూతురు మిథిలకు పన్నెండేళ్లు. "పెద్దమ్మా, యూ గాట్ రియల్ గన్ ఆ?" అని కళ్లు పెద్దవి చేసి అడిగింది. వసుంధర చెంచా కింద పెట్టి, "తిను," అంది. ఆ మాట అంత కటువుగా ఎందుకుందో నాకు అర్థం కాలేదు.

ఆదివారం, సెరంగూన్ రోడ్డు

ఆదివారం సెరంగూన్ రోడ్డు వెంట ఉన్న లిటిల్ ఇండియాలో కాలు పెట్టడానికి చోటుండదు. నిర్మాణ పనుల్లో, ఓడల మరమ్మతు యార్డుల్లో పనిచేసే మనవాళ్లందరికీ అది సెలవు రోజు. నేను ఒక్కదాన్నే తిరుగుతూ ఒక హోటల్లో అన్నం తినడానికి కూర్చుంటే ఎదురుగా ఒకతను వచ్చాడు. పేరు నర్సయ్య. జగిత్యాల దిక్కువాడు. తెలుగు వినగానే ముఖం వెలిగింది. నేను ఎందుకొచ్చానో చెప్పేశాను. ముక్కూ ముఖం తెలియనివాళ్లకు చెప్పడం ఎందుకో తేలిక.

"అక్కా, ఈడ కటింగ్ బ్లేడు జేబుల పెట్టుకున్నా అడుగుతరు," అన్నాడు. "నన్ను ఒకపాలి ఆపిన్రు. పనికాడికెళ్లి వస్తున్న. బ్లేడు తియ్యడం మర్సిపోయిన. ఎందుకు పెట్టుకున్నవ్ అన్నరు. పర్మిట్ కార్డు చూపెట్టిన. మా సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి కనుక్కున్నరు. పని సామాను పనికాడనే ఉండాలె అని చెప్పి ఒదిలిన్రు. గప్పటి సంది లాకర్‌లనే పెట్టి వస్తున్న."

"కోపం రాలేదా?"

"కోపమెందుకు? మేం పన్నెండు మందిమి ఒక్క రూముల ఉంటం. ఎవ్వని దగ్గర ఏం లేదని అందరికి తెలుసు. నిమ్మలంగ పంటం."

అతని మీద కూడా నాకు అసూయ కలిగింది. పన్నెండుమందితో ఒకే గదిలో పడుకునే మనిషి మీద. కాసేపటికి సిగ్గేసింది. ఎందుకంటే అతను అన్నం కలుపుకుంటూ తన అన్న గురించి చెప్పాడు. అడవి పందుల కోసం అన్న ఇంట్లో లైసెన్సు లేని నాటు తుపాకీ పెట్టుకున్నాడు. ఒక సాయంత్రం మొక్కజొన్నలో కదిలింది పంది అనుకుని పేల్చాడు. అది పక్క పొలం ఆయన. ప్రాణం పోలేదు, కాలు పోయింది. అన్న జైలుకు వెళ్లాడు. అన్న ఇంటినీ తన ఇంటినీ చూడాల్సిన బాధ్యత నర్సయ్య మీద పడింది. ఇక్కడికి వచ్చి ఐదేళ్లయింది. కూతురు బడిలో చేరిన రోజున కూడా లేడు.

"ఆ తుపాకి ఇంట్ల లేకుంటే నేను ఈడ లేకుందును అక్కా," అన్నాడు. తర్వాత లేచి నాకు కూడా మజ్జిగ తెచ్చాడు. డబ్బులిస్తే తీసుకోలేదు.

వాన సాయంత్రం

ఐదో రోజు అడిగేశాను. అప్పటిదాకా వసుంధర ఏదో ఒక పని చెప్పి తప్పించుకుంటూనే ఉంది. ఫ్లాట్ల కింద నేల అంతస్తును గోడలు లేకుండా వదిలేస్తారు. వాయిడ్ డెక్ అంటారు. వాన పడుతుంటే ముసలివాళ్లు అక్కడ చదరంగం ఆడుతున్నారు. మేమిద్దరం ఒక రాతి బెంచీ మీద కూర్చున్నాం. నేను కాగితం తీశాను.

"నేను సంతకం పెట్టనక్కా," అంది.

"ఎందుకు పెట్టవు?"

"అది ఇంట్లో ఉండడం నాకిష్టం లేదు. అమ్మెయ్. లైసెన్సున్న షాపుకు అమ్మొచ్చంట కదా, దానికైతే ఇప్పుడే పెడతా."

అప్పుడు నాలో ఏళ్లుగా పేరుకున్నదంతా బయటికొచ్చింది. "నీకు తేలిక మే. తలుపు తీసి పెట్టుకుంటావు, చెవులు మూసుకుని పరిగెత్తుతావు. నిన్ను చదివించడానికి నాన్న రెండెకరాలు అమ్మినాడు. నన్ను బంకులో కూర్చోబెట్టినాడు. పోయిన ఫాల్గుణంలో ఇద్దరు నా వెనకాల బైకు మీద ఖాజీపేట దాకా వచ్చినారు. నేను స్కూటరును ఒక లారీ పక్కనే పోనిచ్చి బతికినా. నీకు ఎప్పుడైనా అట్లా జరిగిందా? ఇల్లు కూడా నీకు తక్కువైపోయింది. వచ్చినప్పుడల్లా కడపలో హోటల్లో ఉంటావు. నాన్న చచ్చినప్పుడు కూడా."

వసుంధర నా వైపు తిరిగింది.

"మనింట్లో ఎందుకు ఉండనో నీకు తెలుసా?"

"నీకు గొప్ప."

"ఆ పొద్దు నువ్వు బంకులో ఉండావు," అంది. ఇరవై ఏళ్లు దాటినా దాని నోట్లో మా ఊరి మాట అలాగే ఉంది. "మేనత్త కొడుకు సంబంధం నాకొద్దని చెప్పినా. నాన్న ఏమీ అన్లే. లోపలికి పోయి రివాల్వర్ తెచ్చి కంచం పక్కన పెట్టుకున్నాడు. నా పక్క తిప్పలేదు. నన్ను బెదిరియ్యలే. అన్నం పెట్టించుకుని మెల్లగా తిన్నాడు. నేను నిలబడే ఉండా. మజ్జిగ దాకా తిని, చెయ్యి కడుక్కుని, దాన్ని తీసుకుని పోయినాడు."

వాన జల్లు కాగితం మీద పడుతుంటే దాన్ని ఒళ్లోకి లాక్కున్నాను.

"అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. ఆ తర్వాత ఆ ఇంట్లో నాకు నిద్ర పట్టలేదక్కా. నెల తిరక్కముందే ఆయనే వచ్చి సింగపూర్‌లో నర్సింగ్ కోర్సుకు పంపిస్తా అన్నాడు. నేనడగలే. రెండెకరాలు అమ్మమని నేను చెప్పలే. సిగ్గేసి అమ్మినాడో, నా ముఖం చూడలేక అమ్మినాడో."

నాన్న దాన్ని ఎక్కువ ప్రేమించాడని ఇన్నేళ్లూ నేను నమ్మాను. ఆ నమ్మకంతోనే దాని ఉత్తరాలకు ముక్తసరిగా జవాబులిచ్చాను, దాని పెళ్లికి వెళ్లలేదు. నాకు ఏడుపు రావాలి. రాలేదు. బెంచీ మీద కూర్చున్న నా చెల్లెలిని చూస్తే, అంత జరిగాక కూడా, దానికి వెళ్లిపోవడానికి ఒక చోటు దొరికింది కదా అని మళ్లీ అసూయే వచ్చింది. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ అదే జరిగింది.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"నువ్వు ఆయన పక్కనే కూర్చునేదానివి కదక్కా రోజూ."

వాన తగ్గాక ఇద్దరం లిఫ్టులో పైకి వెళ్లాం. కాగితం మడిచి సంచిలో పెట్టేశాను. పైడమ్మగారు ఇద్దరి ముఖాలూ చూసి, పాసార్ నుంచి తెచ్చిన చేపల పులుసు పెట్టారు. పాసార్ అంటే వాళ్ల మాటలో సంత.

చివరి రోజు

మర్నాడు నేను పెట్టె సర్దుకుంటున్నాను. వసుంధర పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నం దాటాక వచ్చింది. పనికి వెళ్లిందనుకున్నాను. సెలవు పెట్టిందట. చేతిలో కవరు. నా సంచిలోంచి కాగితం నాకు తెలియకుండా తీసుకెళ్లి, నోటరీ ముందు సంతకం చేసి, మన దేశ దౌత్య కార్యాలయంలో ముద్ర వేయించి తెచ్చింది.

"నీకిష్టం లేనిది ఎందుకు చేసినావు?" అన్నాను.

"నాకిప్పటికీ ఇష్టం లేదు. కానీ ఆ రోడ్డు మీద పోయేది నువ్వు. నేను ఈడ కూర్చుని వద్దని ఎట్లంటా?"

నేను దాని చేయి పట్టుకున్నాను. చిన్నప్పుడు గోళ్లు కొరికేది, ఇప్పటికీ కొరుకుతోంది. "వేసవిలో రా," అన్నాను. "హోటల్లో కాదు. ఇంటికి రా."

అది వంగి నా పెట్టె మూత నొక్కి పెట్టింది. మిథిల మాత్రం, "కెన్ లా, పెద్దమ్మా," అంది, సరే వస్తాంలే అని.

వచ్చాక

దరఖాస్తు పెట్టాను. విచారణకు పోలీసు వచ్చి ఇరుగు పొరుగును అడిగి వెళ్లాడు. కలెక్టర్ ఆఫీసులో ఎందుకు కావాలని అడిగితే ఖాజీపేట రోడ్డు సంగతి చెప్పాను. ఐదు నెలలకు లైసెన్సు నా పేరు మీద వచ్చింది. రివాల్వర్ ఇంటికి వచ్చింది. బ్యాంకుకు వెళ్లేటప్పుడు తీసుకెళ్తున్నాను. సింగపూర్ చూసొచ్చి మారిపోయానని రాస్తే మీకు బాగుంటుందేమో కానీ, మా రోడ్డు మారలేదు.

ఏప్రిల్ చివర్లో వసుంధర ఫోన్ చేసింది. పది రోజులు ఉండటానికి వస్తున్నాం, నేనూ మిథిలా, అంది. ఆ తర్వాత, "ఇంట్లోనే ఉంటాం," అంది. రివాల్వర్ మాట అది ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

వాళ్లు దిగే రోజు పొద్దున స్టేషన్‌కు వెళ్లాను. ఎస్సై కొత్తవాడు. రివాల్వర్, తూటాలు, లైసెన్సు పుస్తకం బల్ల మీద పెట్టి పది రోజులు ఉంచుకోమన్నాను. మా దగ్గర ఎన్నికలప్పుడు లైసెన్సు ఆయుధాలన్నీ ఇలాగే అప్పగించాలి. ఆయన పుస్తకం తిప్పి చూసి, తలెత్తి, "ఇప్పుడు ఎలక్షన్లేమీ లేవు కదమ్మా. ఎందుకు డిపాజిట్ చేస్తాండారు?" అన్నాడు.

"మా చెల్లెలు వస్తాంది సార్," అన్నాను.

ఆయన రిజిస్టరులో కారణం రాసే గడి దగ్గర పెన్ను పట్టుకుని ఇంకేమైనా చెప్తానేమోనని చూశాడు. చివరికి నేనన్నదే రాసి, రసీదు చింపి ఇచ్చాడు.